కిటికీ వైపు మేకు

మా అత్తగారిని మా వీధిలో జాగ్రత్తమ్మ అంటారు. పాలు పోసే ఆయన సైకిలెక్కుతుంటే జాగ్రత్త, పక్కింటావిడ బకెట్టు ఎత్తుతుంటే జాగ్రత్త, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే జాగ్రత్త. పడుకునే ముందు పొయ్యి ఆర్పామో లేదో వెళ్లి చూస్తారు, వచ్చి పడుకుంటారు, మళ్లీ లేచి వెళ్లి చూస్తారు. కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే ఆవిడకు కాళ్లు వణుకుతాయి. రోడ్డు దాటాలంటే ఎవరిదో ఒకరి చెయ్యి కావాలి, ముక్కూ మొహం తెలియనివాళ్లదైనా సరే. కాపురానికి వచ్చిన కొత్తల్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. ఆ తర్వాత ఆ మాట చెవిన పడటమే మానేసింది, గోడ గడియారం చప్పుడు వినపడనట్టు.

మాది చర్చిలకు చెక్కపని చేసే ఇల్లు. కింద పనిగది, పైన కాపురం. వంటింట్లో గరిటె కోసం చెయ్యి పెడితే ఉలి తగిలే ఇల్లు. మామగారు చెక్కేవారు, అత్తగారు రంగులు వేసేవారు. మా ఆయన తండ్రి దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాడు, నేను అత్తగారి దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నాను. యేసు ప్రభువు బొమ్మలు, మరియమ్మ బొమ్మలు చేసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. మామగారికి పేరు తెచ్చింది మాత్రం మనిషి లేని సిలువ. దాని మీద ప్రభువు దేహం ఉండదు. ఆయన్ను బాధపెట్టిన వస్తువులే ఉంటాయి. మూడు మేకులు, వాటిని దిగ్గొట్టిన సుత్తి, తర్వాత పీకిన పటకారు, దేహాన్ని దించడానికి వేసిన నిచ్చెన, పక్కలో పొడిచిన ఈటె, పులిసిన ద్రాక్షరసంలో ముంచి నోటికి అందించిన స్పంజి, ముళ్ల కిరీటం, ఆయన అంగీ ఎవరికి దక్కాలా అని సైనికులు వేసుకున్న పాచికలు, శిష్యుడు ఆయనెవరో నాకు తెలియదని బొంకినప్పుడు కూసిన కోడిపుంజు. అన్నీ చెక్కే. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇంట్లో ఘోరం జరిగి మనిషిని తీసుకెళ్లిపోయాక నేల మీద మిగిలిన సామాన్లు చూసినట్టు ఉంది.

ఆ సామాన్లకు ప్రాణం పోసేది అత్తగారి రంగు. చెక్కమేకును ఇనుప మేకులా చూపించడం ఆవిడ దగ్గరే చూడాలి. ముందు ఇటుకరంగు పూస్తారు. అది ఆరాక నలుపు. నలుపు పచ్చిగా ఉండగానే గుడ్డతో అక్కడక్కడా తుడిచేస్తారు, అప్పుడు కింది ఇటుకరంగు తుప్పులా బయటపడుతుంది. ఆఖర్న మేకు తల మీద, సుత్తి దెబ్బలు పడే చోట, పొడి కుంచెతో కాస్త బూడిదరంగు రాస్తారు. చేత్తో పట్టుకుంటే గానీ చెక్క అని ఎవరూ నమ్మరు. ఈటె మొనకు నెత్తురు వేయాల్సి వస్తే మాత్రం కుంచె నా చేతికిచ్చి కిటికీ దగ్గరకు వెళ్లిపోతారు. డబ్బాలో రంగే అని తెలిసినా సరే, ఎరుపు కారినట్టు కనిపిస్తే ఆవిడకు కళ్లు తిరుగుతాయి.

మామగారికి ఒక పంతం ఉండేది. ఆయన పనిలో ఇనుప ముక్క ఉండకూడదు. ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు చెక్కను లోపల్నుంచి తినేస్తుంది, అందుకని కోడిపుంజు తోక దగ్గర్నుంచి నిలువెత్తు సిలువ దాకా అతుకులన్నీ చెక్క చీలలతోనే బిగించేవారు. కావాలంటే తిరగేసి చూసుకోండి, ఎక్కడైనా ఇనుము కనిపిస్తే మీసం తీయించుకుంటానని కొత్తగా వచ్చిన ప్రతి ఫాదర్‌గారితోనూ అనేవారు. ఆ మాట చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యి వేసుకునేవారు కూడా.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. మా పెద్ద చర్చిలో, బలిపీఠం పైన గోడకున్న మనిషి లేని సిలువలో ఇనుము ఉంది. అది పెట్టింది మామగారే. ఆ సంగతి మొన్నమొన్నటి దాకా ఆయనకూ అత్తగారికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

నేను కాపురానికి రాకముందు, మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు జరిగింది అది. గోడలోకి రెండు చెక్క దిమ్మెలు దిగ్గొట్టి, సిలువ రెండు చేతుల్నీ వెనక నుంచి వాటికి తగిలించారు. మర్నాడు పొద్దున్నే బిషప్‌గారు వచ్చి ప్రతిష్ఠ చేయాలి. సాయంత్రం పనివాళ్లంతా వెళ్లిపోయాక మామగారు ఆఖరిసారి నిచ్చెనెక్కి చూసుకుంటుంటే, కిటికీ వైపు దిమ్మె నిలువునా పగిలింది. కొత్తది పెట్టాలంటే సిలువను దించాలి, దించడానికి మనుషుల్లేరు. ఆయన ఆ వైపు చెక్కమేకు పీకేసి, ఆ బెజ్జంలోంచే పొడవాటి మరబోల్టు ఒకటి గోడలోకి బిగించేశారు. సిలువ నిలబడింది. కానీ బోల్టు తల బయటికి నిగనిగలాడుతూ కనిపిస్తోంది. ఆయన కిందికి దిగి మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నారట. పక్కనే ఉన్న అత్తగారు ఇంటికెళ్లి రంగులు తెచ్చి, జీవితంలో మొదటిసారి నిచ్చెనెక్కారు. ఇన్నాళ్లూ చెక్కను ఇనుములా చూపించిన మనిషి, ఆ రోజు ఇనుమును మిగతా రెండు చెక్కమేకుల్లా చూపించాల్సి వచ్చింది. ఎంత బాగా వేశారంటే, కిందికి దిగి చూస్తే మామగారికే మూడింటికీ తేడా తెలియలేదు. ఆయనకు మీసం మిగిలింది.

రంగు వేస్తున్నంతసేపూ ఆవిడ కళ్లముందు సిలువ చేతికీ గోడకీ మధ్య సందు ఉంది. అంత బరువూ వేలు లావున్న ఒక్క ఇనుప ముక్క పట్టుకుని ఉందని ఆవిడ అక్కడే చూశారు. అంతకుముందు ఆవిడ మామూలు మనిషేనట, రోడ్డు తనంతట తనే దాటేవారట. తర్వాత మార్చేస్తాను, ఎవరికీ చెప్పకు అని మామగారు ఒట్టు పెట్టించుకున్నారు. పని మీద పని వచ్చిపడింది. అడిగినప్పుడల్లా వచ్చే ఏడు అనేవారు. చివరికి జబ్బు చేసి మంచాన పడ్డప్పుడు కూడా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ ఒట్టే గుర్తు చేశారట.

ఆదివారం పూజకు వెళ్తే అత్తగారు ముందు వరుసలో, కిటికీ వైపు చివర్న కూర్చుంటారు. తల ఎత్తి సిలువనే చూస్తుంటారు. అందరం మోకరించి కళ్లు మూసుకున్నా ఆవిడ కళ్లు తెరిచే ఉంటాయి. భక్తి అంటే అదీ అని చర్చిలో ఆడవాళ్లు చెప్పుకునేవారు. ఒక ఫాదర్‌గారు ప్రసంగంలో ఆవిణ్ని చూపించి మరీ మెచ్చుకున్నారు. ఆవిడ ప్రార్థన చేయడం లేదు, కాపలా కాస్తున్నారు. మేకు కింద సున్నం రాలిందా, సందు పెరిగిందా, పాటలు పాడే పిల్లలు సరిగ్గా దాని కిందే నిలబడ్డారేం. అవే ఆవిడ ఆలోచనలు. ఇన్నేళ్లలో ఒక్క పాట కూడా తన చెవికెక్కలేదని ఆవిడే నాతో అన్నారు తర్వాత.

ఈమధ్య వచ్చిన ఫాదర్‌గారు మా ఆయన్ను పిలిపించి, కోడిపుంజు జుట్టు పగిలింది, సామాన్లన్నీ కొవ్వొత్తుల పొగకు మసిబారాయి, కాస్త బాగుచేసి పెట్టమన్నారు. ఆ మాట వినగానే అత్తగారి మొహం పాలిపోయింది. ఉన్నదాన్ని ఉండనివ్వరా, పాతదే అందం అని నసిగారు. మా ఆయన నవ్వేశాడు. కోడిపుంజు, పాచికలు, సుత్తి మాత్రమే దించి తెస్తానన్నాడు. మరి మేకులో అని ఆవిడ అడిగారు. మేకులకేం, రాళ్లలా ఉన్నాయి అన్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. అతను సంచి సర్దుకుని వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే జాగ్రత్తలు చెప్పారు. అతను ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు.

పొద్దు కొంచెం ఎక్కాక ఫోను చేశాడు. ఇంత దూరం వచ్చి మేకులు వదిలేయడం ఎందుకు, అవీ తెచ్చేస్తున్నా, తలుపు వైపుది ఊడి వచ్చేసింది, కిటికీ వైపుది చెమ్మకు ఉబ్బినట్టుంది, కాస్త మొరాయిస్తోంది, పాత రంగు గీకాలో పైనే వేయాలో అమ్మనడుగు అన్నాడు. పెట్టేశాడు. నేను అత్తగారి వైపు తిరిగి అదే చెప్పాను. ఆవిడ పళ్లెంలో బూడిదరంగు కలుపుతున్నారు. కుంచె పళ్లెంలోనే వదిలేశారు.

"మళ్లీ చెయ్యి," అన్నారు.

చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. చర్చిలో ఫోను మోగితే ఫాదర్‌గారు కోప్పడతారని నోరు నొక్కేసి సంచిలో పడేసి ఉంటాడు. నేను ఆ మాట చెప్పేలోగా అత్తగారు మెట్లు దిగిపోతున్నారు. కాళ్లకు చెప్పుల్లేవు. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి, ఆవిడ ఆ వైపు చూడనైనా లేదు. అప్పుడు భయం వేసింది నాకు. పొయ్యి ఆర్పి ఆవిడ వెనక పరిగెత్తాను.

రోడ్డు దగ్గర నా చెయ్యి కోసం ఆగుతారనుకున్నాను. ఆగలేదు. లారీ ఒకటి బ్రేకు వేసి డ్రైవరు తిట్ల దండకం అందుకున్నాడు. ఆవిడ నడుస్తూనే, రొప్పుతూనే, దిమ్మె పగలడం, బోల్టు, ఒట్టు, అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పారు. నాకు సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలు.

"అది తీస్తే మొత్తం వాడి మీదకే వస్తుందమ్మాయ్," అన్నారు.

చర్చి పెద్ద తలుపులు మూసి ఉన్నాయి. పక్క తలుపులోంచి వెళ్లాం. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. బలిపీఠం ముందు నేల మీద గుడ్డ పరిచి ఉంది. దాని మీద కోడిపుంజు, పాచికలు, సుత్తి, ఊడదీసిన మేకు ఒకటి. పైన, నిచ్చెన చివరి మెట్ల మీద మా ఆయన. వీపు మా వైపు. కిటికీ వైపు మేకు తలను పటకారుతో పట్టుకుని తిప్పుతున్నాడు. అది కొద్దికొద్దిగా బయటికి వస్తోంది.

కేక పెట్టడానికి నోరు తెరిచాను. అత్తగారు అరచేత్తో నా నోరు మూసేశారు. ఉలిక్కిపడితే పడిపోతాడని గుసగుసగా అన్నారు. ఆవిడ చెయ్యి రంగు వాసన కొట్టింది, మంచులా చల్లగా ఉంది. తర్వాత ఆవిడే పిలిచారు, పసిపిల్లాణ్ని నిద్రలేపినంత మెల్లగా.

"నాన్నా, జాగ్రత్త."

"అలాగేలే అమ్మా," అన్నాడు మా ఆయన. తల కూడా తిప్పలేదు. పటకారు ఇంకో చుట్టు తిప్పాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు మరి. ఆ మాట వినపడితే అమ్మ వచ్చిందని తెలుస్తుందంతే, ఆగాలని తెలియదు. పైనుంచి సున్నం పొడి రాలి గుడ్డ మీద పడింది. సిలువ చేతికీ గోడకీ మధ్య నల్లటి గీత ఒకటి కనిపించింది నాకు. చూస్తుండగానే అది వెడల్పయింది. నా కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి. అత్తగారు మాత్రం నిచ్చెన దగ్గరకు వెళ్లిపోయారు. కుర్చీ ఎక్కలేని మనిషి చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నిచ్చెన ఎక్కేస్తున్నారు.

నేను పరిగెత్తి నిచ్చెన పట్టుకున్నాను. అది వణుకుతోంది. కదలిక తెలిసి మా ఆయన కిందికి చూశాడు. తల్లిని చూసి మతిపోయినట్టయింది అతనికి. ఎందుకెక్కావు, దిగు దిగు అంటున్నాడు. ఆవిడ ఇంకో మెట్టెక్కి కొడుకు చీలమండ పట్టుకున్నారు.

"అది చెక్క కాదురా, ఇనుము. మీ నాన్న బిగించారు. దాని మీదే నిలబడింది ఇదంతా."

అతను నమ్మలేదు. అతని మొహంలో నవ్వులాంటిది కూడా కనిపించింది. నాన్న పనిలో ఇనుమా అని. సరిగ్గా అప్పుడే అవతలి వైపు దిమ్మె కిర్రుమంది. కిటికీ వైపు చెయ్యి గోడను వదిలి ముందుకొచ్చింది. పటకారు జారి రాతినేల మీద పడి చర్చంతా మోగింది. అతను భుజం అడ్డం పెట్టాడు. బోల్టు ఇంకా కాస్త గోడలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ ఇలా చెప్పేదాన్ని కాదు. ఒక భుజం మీద సిలువ బరువు, ఒక చెయ్యి బోల్టు తల మీద, ఇంకో చెయ్యి నిచ్చెన మీద. అలా ఉండిపోయాడు.

"దిగమ్మా. పడితే ఇద్దరం పోతాం," అన్నాడు.

"పడనివ్వకు. నిన్ను నేను పట్టుకున్నా," అన్నారు ఆవిడ.

అప్పుడు వచ్చింది నాకు కేక. నిచ్చెన వదలకుండా ఫాదర్‌గారినీ, గంట కొట్టే తాతనూ పిలిచి గొంతు చించుకున్నాను. వాళ్లు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ కాసేపట్లో నేను ప్రార్థన చేయలేదు. పడితే ఎటు పడుతుందో చూస్తూ ఉన్నాను. బోల్టు తల అంచులు కోసుకుని అతని అరచేతి నెత్తురు మోచేతి దాకా కారి, అక్కణ్నుంచి ఆవిడ ముంజేతి మీద పడుతోంది. రంగు డబ్బాలో ఎరుపు చూస్తేనే కళ్లు తిరిగే మనిషి. ఆ నెత్తురునే చూస్తూ, పట్టు వదలకుండా ఉన్నారు.

ఫాదర్‌గారు వచ్చారు. ఆయన బక్కపలచని మనిషి, అయినా బుర్ర పాదరసం. పై కిటికీలు తెరిచే పొడవాటి కర్ర తెచ్చి, దాని కొన సిలువ చేతికి ఆనించి, బలమంతా పెట్టి గోడ వైపు తోశారు. గంట తాత నా చేతిలోంచి నిచ్చెన తీసుకున్నాడు. నేను పటకారు ఏరి అత్తగారికి అందించాను, ఆవిడ కొడుక్కి అందించారు. అతను మేకు మళ్లీ బిగించాడు. ఒక్కో చుట్టుకూ ఆ నల్లటి గీత సన్నబడింది.

దిగాక బలిపీఠం మెట్ల మీద వరసగా కూలబడ్డాం. అత్తగారు చీర చెంగు చింపి కొడుకు చేతికి కట్టు కట్టారు. అంతా విన్నాక ఫాదర్‌గారు నొసలు తుడుచుకుంటూ, అసలు మేకులు ఇనుమువే కదమ్మా, చెబితే ఎవరేమంటారు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అత్తగారు కట్టు ముడి బిగించారు. ఎవరూ ఏమీ అనరని తెలియడానికి ఆవిడకు సగం బతుకు పట్టింది. మామగారు బతికి ఉంటే ఆ మీసం నేనే గొరిగేదాన్ని.

మా ఆయన కట్టు కేసి చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు.

"నాకైనా ఎందుకు చెప్పలేదమ్మా?"

"రోజూ చెబుతూనే ఉన్నాను కదరా," అన్నారు ఆవిడ. "జాగ్రత్త అని."

అతను తల వంచుకున్నాడు. నేను పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మనుషుల్ని పెట్టి సిలువను దించారు. గోడలోకి ఇనుప పట్టీలు దిగ్గొట్టి, రెండు చేతుల్నీ వెనక నుంచి బిగించారు. ఈసారి అందరూ చూస్తుండగానే. ఇప్పుడు మూడు మేకులూ చెక్కవే. అత్తగారి చేతులకు ఆ రోజు నుంచి కాస్త వణుకు వచ్చింది, అందుకని వాటికి రంగు నేనే వేశాను. పక్కన కూర్చుని, తుప్పు ఎక్కువైంది, తుడిచెయ్యి అని సణిగారు గానీ, చివరికి బాగుందన్నారు.

ఆ ఆదివారం ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చున్నాం. ఫాదర్‌గారు ప్రసంగం మొదలుపెట్టారో లేదో, నా భుజం మీద బరువుగా ఏదో ఆనింది. అత్తగారు నిద్రపోయారు. నోరు కాస్త తెరుచుకుని, సన్నగా గురక కూడా. వెనక వరుసలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు, అంత భక్తురాలికి ఇదేం పోయేకాలమని. కొరుక్కోనిమ్మని భుజం కదపకుండా కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే కిటికీ వైపు మేకు కనిపించింది. అది చెక్క. రంగు వేసింది నేనే. వెనక పట్టీలు బిగిస్తుంటే నిలబడి చూసింది నేనే. అయినా పూజ అయ్యేదాకా దాని మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. పిల్లలు ఏం పాట పాడారంటే చెప్పలేను.

బయటికొచ్చాక మా ఆయన మాకంటే ముందు చర్చి మెట్లు దిగబోతున్నాడు. వాన పడి మెట్లు తడిగా ఉన్నాయి. జాగ్రత్త అన్నాను. నా నోటి వెంట ఆ మాట రావడం అదే మొదటిసారి. అతను టక్కున ఆగిపోయాడు. వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి, తర్వాత ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.